సూదీ దారం: రెబెక్కా ముసుగుకి అంచు ఎక్కడ?

పోయిన నెల ఈ శీర్షికలో, జాకెట్టు చంక దగ్గర పట్టేస్తోందని అడిగిన ఒకావిడకు జవాబు రాస్తూ మాటవరసకి ఒక ముక్క కలిపాను. దుపట్టాలకు రంగు పడేదాకా ఏం చెయ్యాలో తోచక సాలార్‌జంగ్ మ్యూజియంలో దూరాననీ, మధ్యాహ్నమంతా ఒక్కదాన్నే తిరిగాననీ, అక్కడ రెబెక్కా విగ్రహానికి చెక్కిన రాతి ముసుగు చూశాక బట్ట ఒంటి మీద పడే తీరు గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైందనీ రాశాను. అంతే. చంక గురించి మళ్ళీ అడిగినవాళ్ళు లేరు. వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ మ్యూజియం మీదే. సరే, ఈ నెల కత్తెర పక్కన పెడదాం.

ప్రశ్న: టీచరమ్మ గారూ, ఒక్కదాన్నే మ్యూజియానికి వెళ్ళానని ఎంత తేలిగ్గా రాసేశారు! మా పాపని వారానికి రెండు రోజులు హైదరాబాద్‌లో కోచింగుకి తీసుకొస్తాను. అది లోపల ఉన్న నాలుగు గంటలూ నేను బయట మెట్ల మీద ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాను. ఒంటరిగా ఎక్కడికైనా వెళ్తే ఎవరేమనుకుంటారో అని టెన్షన్. మీకు బిడియం వెయ్యలేదా? ఆ రోజు ఏం జరిగిందో కాస్త వివరంగా రాయండి.
– ఒక తల్లి, జనగామ

జవాబు: వెయ్యకపోవడమేం, బోలెడు వేసింది. టికెట్ల దగ్గరే మొదలైంది. "ఎన్ని?" అన్నాడు లోపలి అబ్బాయి. "ఒకటి" అన్నాను. "ఒకటేనా?" అని నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. పిల్లలో, మనవలో, మా ఆయనో ఉంటారని కాబోలు. నాకూ ఒకసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది.

మొదటి నుంచీ చెబుతాను. ఆ రోజు బుధవారం. పెళ్ళివారి ఆర్డరు, పన్నెండు దుపట్టాలు, అన్నీ ఒకే ఉల్లిపొర రంగులో ఉండాలి. పత్తర్‌గట్టీ వెనక సందులో నేను ముప్పై ఏళ్ళుగా రంగు వేయించే దుకాణం ఉంది. పన్నెండింటికి ఇచ్చేస్తానన్నవాడు, నేను వెళ్ళేసరికి గిన్నెలో నీళ్ళు కూడా పెట్టలేదు. గ్యాస్ అయిపోయిందట. "అయిదింటికి రండమ్మా, పక్కా" అన్నాడు. మా ఇంటికి వెళ్ళి రావాలంటే రెండు బస్సులూ, మూడు గంటలూ. తెచ్చుకున్న పులిహోర అతని దుకాణం మెట్ల మీదే కూర్చుని తినేశాను. ఇంకా ఒంటిగంట కాలేదు. లైనింగ్ కొనాల్సింది ఉంటే కొనేదాన్ని, అదీ లేదు.

అలా మదీనా చౌరస్తా దాకా నడిచి, దారుల్‌షిఫా వైపు తిరిగాను. ఎండ. మూసీ పక్కన మ్యూజియం గేటు కనిపించింది. నీడ కోసం వెళ్ళాను, కళ కోసం కాదు. ఈ మాట దాచి, ఏదో పెద్ద ఆసక్తితో వెళ్ళినట్టు రాస్తే మీ టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

గేటు దగ్గర ఇంకో ముచ్చట. సెక్యూరిటీ అమ్మాయి నా సంచిలో చెయ్యి పెట్టి తొమ్మిదంగుళాల కత్తెర బయటికి తీసింది. తర్వాత చిన్న కత్తెర. తర్వాత బ్లేడ్ల ప్యాకెట్టు. తర్వాత గుండుసూదుల డబ్బా. ఒక్కోటీ బల్ల మీద పెడుతుంటే వెనక వరసలో ఉన్నవాళ్ళు ఒక అడుగు దూరం జరిగారు. "కుట్టుపనమ్మా" అన్నాను. సంచి మొత్తం అక్కడే అప్పజెప్పి టోకెన్ తీసుకున్నాను. మెడలో వేలాడుతున్న టేపు సంగతి మాత్రం నాకూ గుర్తులేదు, ఆ అమ్మాయీ పట్టించుకోలేదు. ఆ టేపుతోనే మధ్యాహ్నమంతా తిరిగాను. అది చూసి నేను అక్కడి ఉద్యోగినో, అద్దాల బీరువాలు కొలవడానికి వచ్చినదాన్నో అనుకున్నారు జనం. ముగ్గురు నన్ను "మేడమ్, గడియారం ఎటు?" అని దారి అడిగారు. నేను చెప్పాను కూడా. మీరు భయపడే ఆ "ఎవరేమనుకుంటారో" నా విషయంలో అక్కడికి తేలింది.

సాలార్‌జంగ్‌కి నేను వెళ్ళడం అది అయిదోసారి. మొదటిసారి పెళ్ళయిన కొత్తలో, అత్తగారి వైపు చుట్టాలు పదకొండు మందితో. తర్వాత రెండుసార్లు మా కుట్టు సెంటరు అమ్మాయిల్ని తీసుకెళ్ళాను. అప్పుడు నేను చూసినవి కళాఖండాలు కావు, తలకాయలు. ముప్పై నాలుగు ఉండాలి, ముప్పై మూడే కనిపిస్తున్నాయి, ఆ ఒక్కతీ ఎక్కడుంది? నాలుగోసారి మనవడితో. వాడికి ఆకలి. అంటే నాలుగుసార్లు వెళ్ళి నేను తెచ్చుకున్నది కాళ్ళనొప్పే.

ఈసారి కూడా మొదటి పది నిమిషాల్లో మూడు గదులు దాటేశాను. ఎవరూ తరమడం లేదు, అయినా కాళ్ళకి అదే అలవాటు. నాలుగో గది గుమ్మంలో ఒకాయన తన కుటుంబాన్ని "పదండి పదండి, ఇంకా చాలా ఉంది" అని తోలుతున్నాడు. వాళ్ళతో పాటు నేనూ నాలుగడుగులు పరుగెత్తాను! అప్పుడు నవ్వొచ్చింది. అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాను. నీళ్ళ సీసా ఎవరికీ అందించక్కర్లేదు, ఎవరి చెప్పులూ వెతకక్కర్లేదు. ముప్పైకి పైగా గ్యాలరీలున్న ఆ భవనంలో ఇవాళ నేను చూడాల్సింది ఏమీ లేదు అనుకున్నాను. చూడాలనిపించింది చూడటమే.

నేరుగా రెబెక్కా దగ్గరికి వెళ్ళాను. కాలెండర్ల మీదా, పాఠ్యపుస్తకాల్లోనూ మీరూ చూసే ఉంటారు: మేలిముసుగు కప్పుకున్న యువతి పాలరాతి విగ్రహం. ముసుగు లోంచి ముక్కు, పెదాలు, వాల్చిన కనురెప్పలు కనిపిస్తాయి. అందరూ ముఖం చూస్తారు. నేను కుట్టు మనిషిని, నాకు అంచు కావాలి. బట్ట అన్నాక ఎక్కడో మొదలై ఎక్కడో ముగియాలి కదా. ఈ ముసుగు ఎక్కడ ఆగింది? లోపలి వస్త్రం ఎక్కడ మొదలైంది? నెత్తి మీద ఒక మడత పట్టుకుని, గాల్లో వేలితో గీస్తూ కిందికి దిగాను. సగం దూరంలో ఇంకో మడతలోకి జారిపోయాను. మళ్ళీ మొదటికొచ్చాను. పక్కనున్న కుర్ర గార్డు "ముట్టుకోకూడదమ్మా" అన్నాడు. "ముట్టుకోను బాబూ, కుడుతున్నాను" అన్నాను. అతను కాసేపు నన్నూ, నా మెడలో టేపునీ చూసి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆ వయసు పిల్లలు అలా చేస్తే ఎందుకో గొంతు అడ్డం పడుతుంది.

నలభై నిమిషాలు కూర్చున్నాను. ఆ సేపట్లో తొమ్మిది గుంపులు వచ్చి వెళ్ళాయి. ఒక్కో గుంపూ నిమిషం, ఎక్కువ అంటే రెండు. ఫోను ఎత్తుతారు, విగ్రహానికి వీపు పెట్టి నవ్వుతారు, పోతారు. వాళ్ళని తప్పుపట్టడం లేదు. నాలుగుసార్లు నేనూ అదే కదా. మూడోసారి అంచు దాదాపు దొరికింది. సరిగ్గా అప్పుడే ఒక స్కూలు పిల్లల దండు వచ్చి పడింది. వాళ్ళ టీచరు తలలు లెక్కపెడుతోంది. నా కుర్చీ ఆవిడకిచ్చి లేచాను.

అక్కడి నుంచి జంట విగ్రహం దగ్గరికి. సికమోర్ అనే చెట్టు చెక్కలో చెక్కినది, పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పనితనం. జర్మన్ కవి గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని పాత్రలు. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, పొగరుగా నిలబడి ఉంటాడు. వెనక పెట్టిన అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెటా. ఒకే మొద్దులో ముందు అతను, వెనక ఆమె. మంచీ చెడూ అని పెద్దవాళ్ళు పిల్లలకి చెబుతుంటారు. నాకు మాత్రం పక్కకి జరిగి, అతని దుస్తులు ఆమె గౌనులోకి మారే చోటు చూడాలనిపించింది. సైడు కుట్టు అన్నమాట! జాకెట్టుకైనా, చెక్క బొమ్మకైనా పనివాడి నిజం సైడు కుట్టులోనే బయటపడుతుంది. ముందు నుంచీ అద్దంలోనూ చూసి వెళ్ళిపోతే అది కనిపించదు.

ఇక మీ సంగతి. మ్యూజియం ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు, శుక్రవారం సెలవు. నాలుగు గంటలు చేతిలో ఉంటే రెండు గంటలు దారికే తీసేయండి, హైదరాబాద్ ట్రాఫిక్ సంగతి మీకు తెలుసు. మెట్రోలో అయితే ఎంజీబీఎస్ స్టేషన్లో దిగి ఆటో ఎక్కడం మేలు. మిగిలిన రెండు గంటల్లో ఒకటో రెండో గదులు. ఎక్కువ వద్దు. పాపకి ఒక మాట చెప్పి వెళ్ళండి, అది భయంతో కాదు, రాత్రి అన్నాల దగ్గర "అమ్మా, ఏం చూశావు?" అని అడగడానికి.

ప్రశ్న: రాయిలో నుంచి ముఖం కనిపించడం ఎలా సాధ్యం? మా స్నేహితురాలు అది రెండు పొరల రాయి అంటోంది. ఆ విగ్రహం కథ కూడా చెప్పండి.
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: రెండు పొరలు కాదు. పైన పల్చటి రాయి, లోపల ముఖం అన్నది లేనేలేదు. అక్కడున్నది ఒకే ఉపరితలం. కన్నే మోసపోతుంది.

ఒక పని చేసి చూడండి. పల్చటి మల్లు గుడ్డ తడిపి మీ ముంజేతి మీద పరవండి. కొన్నిచోట్ల చర్మానికి అతుక్కుపోతుంది, ఆకారం కనిపిస్తుంది. కొన్నిచోట్ల లేచి సన్నటి ముడతలు పడతాయి. శిల్పి చేసింది ఆ రెండింటినీ పక్కపక్కనే చెక్కడం. ముక్కు, బుగ్గ, గడ్డం లాంటి ఎత్తు చోట్ల బట్ట అతుక్కున్నట్టు నునుపుగా వదిలాడు. వాటి మీదుగా, ముఖంతో సంబంధం లేనట్టు, సన్నటి ముడత గీతల్ని ఆగకుండా నడిపించాడు. గీత బుగ్గ దగ్గర ఆగిపోతే అది ముఖం మీద గాటులా ఉంటుంది. ఆగకుండా దాటిపోతే, "ఓహో, ఇది పైనున్న బట్ట, ముఖం దాని కింద ఉంది" అని మన బుర్ర తనంతట తనే సర్దేసుకుంటుంది. మంచి పాలరాయి వెలుగుని కొంచెం లోపలికి తీసుకుంటుంది కాబట్టి ఆ భ్రమకి అదీ సాయం. నల్లరాయిలో ఇదే పని చేస్తే ఇంత మెత్తగా రాదు.

చెక్కింది ఇటలీకి చెందిన జొవాన్ని మరియా బెంజోని. బైబిల్‌లో రెబెక్కా ఇస్సాకుని పెళ్ళాడటానికి ఒంటె మీద ప్రయాణమై వస్తుంది. దూరంగా అతన్ని చూడగానే దిగి ముసుగు వేసుకుంటుంది. ఆ క్షణమే ఈ విగ్రహం. అంటే ఆ ముఖంలో ఉన్నది పెళ్ళికూతురి బిడియం. నైజాం దివానుగా చేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్ళినప్పుడు రోమ్‌లో కొన్నాడు. ఇది ఒక్కటే కాదు, బెంజోని రెబెక్కాలు అమెరికా మ్యూజియాల్లో కూడా ఉన్నాయి. ఈ సంగతి విని మా పక్కింటావిడ మొహం చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం ఆనందమే. బాగా కుదిరిన జాకెట్టుకి ఎవరైనా నకలు తీయిస్తారు.

ప్రశ్న: ఇది కుట్టుపని శీర్షిక. డబ్బు పెట్టి పత్రిక కొనేది కటింగ్ నేర్చుకోవడానికి. మీ షికార్ల గురించి చదవడానికి కాదు.
– పాత పాఠకురాలు, గుంటూరు

జవాబు: కోపం న్యాయమే. అయితే ఆ మ్యూజియంలో బట్టల గది కూడా ఉందని చెప్పకపోతే మీకు ఇంకా అన్యాయం చేసినదాన్నవుతాను.

మష్రూ అని ఒక నేత ఉంది, చూశారా? పైకి పట్టులా తళతళలాడుతుంది. తిరగేస్తే లోపల నూలు. నిలువు పోగు పట్టు, అడ్డపోగు నూలు పెట్టి, పట్టు అంతా పైముఖానికి తేలేలా శాటిన్ పద్ధతిలో నేస్తారు. ఇది ఎవరి వేషాలకో పుట్టింది కాదు. నిష్ఠగా ఉండే ముస్లిం పురుషులు ఒంటికి పట్టు తగలనివ్వరు. కానీ పట్టు అంగీ తొడుక్కోవాలని ఎవరికి ఉండదు? నేతగాడు ఈ దారి కనిపెట్టాడు. చర్మానికి తగిలేది నూలే. 'మష్రూ' అంటేనే అరబ్బీలో అనుమతి ఉన్నదని అర్థం. నియమమూ మిగిలింది, షోకూ మిగిలింది. మనం పట్టు జాకెట్టుకి నూలు లైనింగ్ వేస్తాం కదా, దాన్ని మగ్గం మీదే వేసేశారన్నమాట! అద్దం ముందు నిలబడి నేను గట్టిగానే "అబ్బ!" అన్నాను.

హిమ్రూ సంగతి వేరు. నూలు నిలువుపోగుల మీద పట్టు పూలు తేల్చే నేత, ఔరంగాబాద్‌ది. 1956 దాకా ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది, కాబట్టి అది మన షేర్వానీల బట్టే. వెనకవైపు పట్టు పోగులు వదులుగా వేలాడతాయి. ఈ గుడ్డకి లైనింగ్ వెయ్యకుండా కుడితే రెండో వారానికి ఉంగరం తగులుకుని పోగు లేచిపోతుంది. ఇప్పుడు వస్తున్న బ్రొకేడ్ ముక్కలకి కూడా ఇదే సూత్రం. తల్లీ, కటింగ్ పాఠం చెప్పేశాను. మీ డబ్బు ముట్టినట్టే.

ఇంకోటి. మీరూ నేనూ హోల్‌సేల్ బట్టలకి వెళ్ళే దివాన్ దేవిడీ ఉందే, అది సాలార్‌జంగుల నివాసం. మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1912 నుంచి 1914 వరకు నిజాం దగ్గర ప్రధానిగా చేసి, ఆ తర్వాత జీవితమంతా వస్తువులు సేకరిస్తూ అక్కడే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. 1949లో పోయాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి ఆ ఇంట్లోనే మ్యూజియం తెరిచారు. మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మార్చింది 1968లో. మొదట రెబెక్కా ఉన్న చోట ఇప్పుడు మనం మీటరు ఇంతని బేరమాడుతున్నాం.

ప్రశ్న: జార్జెట్ లాంగ్ ఫ్రాకు కుట్టాను. రెండుసార్లు తొడిగేసరికి కింద అంచు ఒకవైపు దిగిపోయింది. కట్ చేసినప్పుడు సమంగానే ఉంది.
– వనపర్తి నుంచి

జవాబు: హమ్మయ్య, ఒక్కరైనా అడిగారు. క్రాస్‌లో కట్ చేసి ఉంటారు. ఐమూలగా ఉన్న పోగు బరువుకి సాగుతుంది, నిలువుగా ఉన్నది సాగదు, అందుకే ఒకవైపే దిగింది. నడుము అతికాక అంచు మడవకుండా ఒక రోజంతా హ్యాంగర్‌కి వేలాడదీయండి. సాగేది సాగనివ్వండి. మర్నాడు తొడిగించి, నేల నుంచి స్కేలుతో కొలిచి గుర్తులు పెట్టి, అప్పుడు మిగిలింది కత్తిరించి అంచు కుట్టండి. ఇప్పుడున్న ఫ్రాకుకి కూడా అంచు విప్పి ఇదే చెయ్యొచ్చు, ఒక అంగుళం పొట్టి అవుతుంది అంతే.

ప్రశ్న: పోయిన వేసవిలో ఇంటిల్లిపాదీ సాలార్‌జంగ్ వెళ్ళాం. గంటన్నరలో మొత్తం చూసేశాం. ఇప్పుడు అడిగితే ఎవరికీ గడియారం తప్ప ఏదీ గుర్తులేదు. మా నాన్నగారు అసలు గడియారం కోసమే వచ్చారు. కళ అంటే తెలియని మాలాంటివాళ్ళు వెళ్ళడం దండగేనా?
– చిన్న వ్యాపారి, కరీంనగర్

జవాబు: గడియారం గుర్తుందంటే దండగ ఎలా అవుతుందండీ? మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

నేనూ నాలుగింటికి ఆ గడియారం ముందుకే చేరాను. ఇంగ్లండు సరుకు, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ వాళ్ళు బిగించి ఇచ్చింది. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు పై తలుపు లోంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి నిలబడుతుంది, గంట కొట్టి లోపలికి పోతుంది. పక్కన ఇంకో బొమ్మ కమ్మరి, సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటాడు. వాణ్ణి ఎవరూ చూడరు పాపం. గంటకోసారి వచ్చి పోయేవాడికి ఇంతమంది జనం, రోజంతా పని చేసేవాడికి ఒక్కరూ లేరు. నేను కమ్మరి వైపున్న చివర నిలబడి వాణ్ణే చూశాను, వంటింట్లో సగం జీవితం గడిపినదాన్ని కదా.

కానీ అసలు చూడాల్సింది గడియారాన్ని కాదు, దాని ఎదురుగా ఉన్న జనాన్ని. మూడున్నర దాటినప్పటి నుంచి మెల్లగా చేరతారు. ఎవరికి దొరికిన చోట వాళ్ళు. పసిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుంటారు. అయిదు నిమిషాల ముందు గుసగుసలు. బొమ్మ రాగానే ఒక్కసారిగా నిశ్శబ్దం. నాలుగు దెబ్బలు. తర్వాత అందరి ముఖాల్లోనూ ఒకేలాంటి నవ్వు, మినిస్టరు భార్యకైనా మేస్త్రీ భార్యకైనా. మనవడితో వచ్చినప్పుడు వాడు నా భుజాల మీద ఉన్నాడు, నాకు వాడి కాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

ఈసారి వెళ్ళినప్పుడు అందర్నీ ఒకే తాడుకి కట్టకండి. "నాలుగింటికి గడియారం దగ్గర కలుద్దాం" అని విడిపోండి. నాన్నగారిని కుర్చీలో గడియారం ముందే వదిలెయ్యండి, ఆయన మూడు గంటలూ చూసుకుంటారు.

ప్రశ్న: బొమ్మల ముందు నిలబడితే నాకు ఏమీ తోచదు. పక్కవాళ్ళు తల ఊపుతుంటే నేనూ ఊపుతాను. ఏం చూడాలి?
– బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: తల ఊపడం ఆపెయ్యండి, మెడనొప్పి తప్ప ప్రయోజనం లేదు. మీకు బాగా తెలిసిన వస్తువు ఏదో ఒకటి ఆ బొమ్మలో వెతకండి. నేను బట్ట వెతుకుతాను. మీరు బ్యాంకు మనిషి కాబట్టి నగలు చూడండి, తాకట్టుకి పెడితే ఎంతొస్తుందో అంచనా వెయ్యండి! నవ్వులాటకి అనడం లేదు. అంచనా వెయ్యాలంటే దగ్గరగా చూడాలి కదా.

సాలార్‌జంగ్‌లో రవివర్మ నూనెరంగుల చిత్రాలున్నాయి. 1894లో సొంతంగా అచ్చుయంత్రం పెట్టి దేవతల బొమ్మల్ని ఇంటింటికీ పంపింది ఆయనే. మన పూజగదిలో లక్ష్మీదేవికి చీర కట్టిన చెయ్యి అది అంటే తప్పులేదు. అచ్చుబొమ్మలు చూసి చూసి నాకు రవివర్మ అంటే నున్నటి కాలెండర్. అసలు చిత్రం ముందు నిలబడితే వేరే కథ. తాడు కట్టిన చోటు దాకా దగ్గరికి వెళ్ళి జరీ చూశాను. జరీ లేదు! పసుపు చుక్క, దాని పక్కన తెల్ల చుక్క, కింద గోధుమరంగు గీత. అంతే. అయిదడుగులు వెనక్కి వస్తే మళ్ళీ జరీ. ముందుకి వెళ్తే చుక్కలు. ముందుకీ వెనక్కీ నేను అలా నాలుగుసార్లు తిరిగితే అక్కడున్న గార్డుకి అనుమానమొచ్చింది. ఎవరితోనైనా కలిసి వెళ్ళి ఉంటే ఈ పని చేసేదాన్ని కాదు, "ఏమైంది నీకు?" అని అడిగేవాళ్ళు.

నచ్చనివి దాటెయ్యండి. ఏనుగు దంతం వస్తువుల గదిలో నేను రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయాను. పనితనం గొప్పదే, ఏనుగే గుర్తొచ్చింది.

ప్రశ్న: మాది రాజమండ్రి. ఇక్కడ అంత పెద్ద మ్యూజియం లేదు. మాలాంటివాళ్ళం ఎక్కడికి పోవాలి?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: గోదావరి ఒడ్డున పెట్టుకుని ఇలా అడిగితే ఎలా? మీ ఊళ్ళోనే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆ చిత్రకారుడు 1897లో మీ ఊళ్ళోనే పుట్టాడు. మీ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్‌డ్రే దొర ఆ కుర్రాడి చేతివాటం చూసి, బొంబాయి జేజే స్కూల్‌కి చదువుకి పంపించాడు. తిరిగొచ్చి, సొంత ఊళ్ళో శిష్యుల్ని చేరదీసి బొమ్మలు నేర్పాడు. 1925లో మశూచి సోకి చనిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆయన భార్య సత్యవాణి కూడా చిత్రాలు వేశారు. ఆ సంగతి చాలామంది చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

పెద్ద మ్యూజియంలో లాగా కాళ్ళు నొప్పెట్టవు. కూరగాయల సంచితో వెళ్ళొచ్చు. ఆ చిత్రాల్లో చీర కట్టిన తీరు చూసి నాకు ఉత్తరం రాయండి, కుచ్చిళ్ళు ఎటు పెట్టారో కూడా.

ప్రశ్న: అన్నీ చెప్పారు కానీ ఆ పన్నెండు దుపట్టాల సంగతేంటి? రంగు కుదిరిందా?
– మీ పాత శిష్యురాలు, నల్గొండ

జవాబు: నువ్వే అడుగుతావనుకున్నాను.

సంచి తీసుకుని, కత్తెరలు లెక్కపెట్టుకుని బయటపడేసరికి అయిదు కొడుతోంది. దుకాణానికి వెళ్ళేసరికి పదకొండు దుపట్టాలు ఆరి మడతపెట్టి ఉన్నాయి. పన్నెండోది అప్పుడే గిన్నెలోంచి తీశారు. మన పాతబస్తీలో తడి దుపట్టా ఎలా ఆరబెడతారో నీకు తెలుసుగా, ఇద్దరు చెరో అంచూ పట్టుకుని సందులో నిలబడి గాల్లో విసురుతారు. ఆ రోజు దుకాణంలో కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. "అమ్మా, కాస్త పట్టుకుంటారా?" అని రెండో అంచు నా చేతికిచ్చాడు.

మొదటి విసురుకే గాలి తిరిగి బట్ట మొత్తం నా ముంజేతికి చుట్టుకుపోయింది. చల్లగా. గాజులు, మణికట్టు ఎముక, చేతి నరం దాని కింద నుంచి స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాటి మీదుగా ఆగకుండా సన్నటి ముడతలు. నేను కదలకుండా నిలబడ్డాను. "లాగండమ్మా, రంగు మరక పడుద్ది" అని అరిచాడు కుర్రాడు.

రంగు అడిగినదానికంటే ఒక పిసరు ముదురు తేలింది. పెళ్ళివారు గుర్తుపట్టలేదు. నేను చెప్పలేదు.